సగములో మూసిన పుస్తకములు

ఈ సంచికకు ఏదేని ఒక తెలుగు గ్రంథమును గూర్చి విమర్శ వ్రాసి పంపుమని సంఘమువారు కోరిరి. నేను పండితుడను గాను. మెట్రిక్ పరీక్షతో చదువు ముగించి, ముప్పదియెనిమిది సంవత్సరములు ఒక కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి పొందినవాడను. పూర్తిగా చదివిన గ్రంథమును గూర్చి వ్రాయుటకు నాకన్న తగినవారు మన సంఘములోనే పలువురు కలరు. అందుచేత నేను మధ్యలో మూసివేసిన పుస్తకములను గూర్చి వ్రాయ నెంచితిని. ఈ విషయమున నా అనుభవము తక్కువది కాదు.

నచ్చని పుస్తకమును ఎంతవరకు చదువవలెను, ఎచట విడువవలెను అను ప్రశ్నకు లోకములో రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. మొదటిది పంతుళ్ళది. విఘ్నములకు జడిసి పనిని నడుమ మానువారు మధ్యములనియు, ఎన్ని అడ్డంకులు వచ్చినను విడువనివారే ఉత్తములనియు తెలుపు భర్తృహరి సుభాషితమును ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యముగా వ్రాసినాడు గదా. మా చిన్నతనమున పుస్తకము మూసిన ప్రతి పిల్లవాని నెత్తిమీదను ఆ పద్యము మొట్టికాయవలె పడుచుండెడిది. రెండవ సమాధానము నేటి యువకులది. ఆయుస్సు స్వల్పము, పుస్తకములు అనంతము. ఏబది పుటలు చూచి, రుచింపనిచో పక్కన పెట్టుమందురు.

ఈ రెండును నాకు సమ్మతములు కావు. ఆ సుభాషితము కార్యశూరుల నుద్దేశించినదే గాని పాఠకుల నుద్దేశించినది కాదు. సగము కట్టి విడిచిన ఇల్లు వానకు నాని కూలును. సగము చదివి విడిచిన పుస్తకము బీరువాలో చెక్కుచెదరక మన కొరకు వేచియుండును. ఇక ఏబది పుటల లెక్క దుకాణదారుని కొలతవంటిది. కొన్ని గ్రంథములు ఐదవ పుటలోనే తమ గుట్టు బయటపెట్టును. కొన్ని మూడువందల పుటల వరకు నోరు విప్పవు. అన్నిటిని ఒకే సోలతో కొలుచుట న్యాయము కాదు.

నాకు తోచిన మార్గము కచేరీ మార్గమే. కార్యాలయములో ఒక ఫైలును మూయుటకు ఎవరికిని అభ్యంతరము లేదు. కాని మూయుటకు ముందు అడుగున ఒక వాక్యము వ్రాసి తేదీ వేయవలెను. ఏల మూయబడినది, లోపము ఎవరిది, మరల తెరువవలసిన అవసరము కలదా లేదా అనునవి అందుండవలెను. కారణము వ్రాయక మూసిన ఫైలే పది సంవత్సరముల తరువాత మన మెడకు చుట్టుకొనును. పుస్తకమును విడుచుటయు ఇట్టిదే. విడువవచ్చును, కాని కారణమెరిగి విడువవలెను. ఆ కారణము మూడు తెరగుల నుండును. లోపము పుస్తకమునందు ఉండవచ్చును, చదువరియందు ఉండవచ్చును, లేదా ఇరువురును మంచివారే యైనను, వారు కలిసికొన్న వేళ మంచిది కాకపోవచ్చును. ఈ మూటిని వేరుపరుపక "ఈ పుస్తకము బాగులేదు" అని మూయువాడు తీర్పు చెప్పినవాడు కాడు, విసుగుకొన్నవాడు మాత్రమే.

ఇది అందరు పాఠకులకును చెల్లు మాట. మనవంటివారికి దీనిలో మరియొక చిక్కు కలదు. మాది బరంపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాము సీమలోని మా తాతలు ఇల్లు కదలకయే పొరుగు రాష్ట్రమువారైరి. ఆ ఒరిస్సాయే నేటి ఒడిశా. నా చిన్నతనమున మా నాన్నగారు విజయవాడకో రాజమహేంద్రవరమునకో పోవువారి చేతికి రూపాయలిచ్చి పుస్తకములు తెప్పించెడివారు. పుస్తకము వచ్చిన దినము ఇంటికి చుట్టము వచ్చిన దినమువలె నుండెడిది. చుట్టము మాటలు విసుగు కలిగించినను లేచి పొమ్మనుట మర్యాద కాదు గదా. అట్లే ఏ తెలుగు పుస్తకమును సగములో మూయరాదని మా ఇంట ఒక అలిఖిత శాసనము ఏర్పడినది.

దానికి తోడు గర్వము కూడ కలదు. ఆముక్తమాల్యద రచించిన రాయలు ఏలిన హంపి నేడు కర్ణాటకములో నున్నది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లి వ్రాసిన రాయవేలూరు చెరసాల తమిళనాట నున్నది. గిడుగు రామమూర్తిగారు పాఠములు చెప్పిన పర్లాకిమిడి మా ఒడిశాలో నున్నది. ఇన్ని గొప్ప సంగతులకు వారసులమైన మనము ఒక తెలుగు పుస్తకమును మూసివేసినచో తెలుగునే మూసివేసినట్లు భావింతుము. విశాఖపట్టణములో ఒకడు నవలను పక్కన పెట్టినచో ఒక నవల మాత్రమే పక్కకు పోవును. మన ఇండ్లలో అట్లు కాదను భయము మనలను పట్టి పీడించుచున్నది. ఆ భయము నిరాధారమని నేననను. అయితే ఆ భయముతో చేసిన చదువు ఏమగునో నా ఇంటనే చూచితిని గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నా బీరువాలో మూడుసార్లు తెరువబడిన పుస్తకము విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. 1934లో వ్రాయబడిన ఈ నవల ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడవి బాపిరాజుగారి నారాయణరావుతో బహుమానమును పంచుకొన్నదని పెక్కుమంది యెరుగుదురు. బాపిరాజుగారి నవలను నేను నాలుగు దినములలో ముగించితిని. వేయిపడగలు నాకు నలుబది సంవత్సరములు పట్టినది.

మొదటిసారి పందొమ్మిదవ యేట పట్టితిని. సుబ్బన్నపేట కథ చెప్పుదునని కూర్చుండబెట్టి కర్త సంగీతమును గూర్చియు, నాట్యమును గూర్చియు, విద్యను గూర్చియు పుటలకు పుటలు ప్రసంగించుచుండగా, కథ వీధి అరుగుమీద కాచుకొని కూర్చున్నట్లు నాకు తోచినది. పసరిక కనబడినప్పుడు మాత్రము ముచ్చటపడితిని. నూటయేబదవ పుట దాటకయే మూసితిని. అది పుస్తకముయొక్క లోపము కాదు, వేళ లోపము. పందొమ్మిదేండ్లవానికి పోగొట్టుకొన్నవేమియు నుండవు. పోగొట్టుకొన్నదానిని గూర్చిన గ్రంథము వానికేల రుచించును?

రెండవసారి ముప్పదియొకటవ యేట సగము దాటితిని. ఈసారి కోపముతో మూసితిని. పూర్వపు సంఘవ్యవస్థయే ధర్మమనియు, దాని పడగలు ఒక్కొక్కటిగా తరుగుటయే లోకమునకు వినాశమనియు ఆ నవల నమ్ముచున్నది. నాతో ఒకే బల్లవద్ద అన్నపు డబ్బా విప్పి కూరలు పంచుకొనెడి సహోద్యోగుల తాతలకు ఆ వ్యవస్థలో ఎట్టి చోటు దొరకినదో నేనెరుగుదును. ఆ కోపము న్యాయమైనదేనని నేటికిని తలచుచున్నాను. అయినను దానిని విసుగని పొరపాటు పడి పుస్తకమును మూయుట మాత్రము తప్పు. కోపము తెప్పించు పుస్తకము మనతో మాటాడుచున్నదన్నమాట. విసుగు తెప్పించునది మాటాడదు.

మూడవసారి పదవీ విరమణ చేసిన యేడాది తెరచితిని. అప్పటికి నేను చదివిన బడిలో తెలుగు తరగతులు మూతపడినవి. మా వీధిలో శ్రీరామనవమి పందిళ్ళలో హరికథ వినబడక చాలకాలమైనది. మా అరుగులమీద తెలుగు మాటాడెడి ముసలివారు ఒక్కొక్కరే తగ్గిపోయిరి. ఒక ఊరు తన్ను తాను కొంచెము కొంచెముగా మరచిపోవుట యెట్లుండునో కన్నులార చూచినవాడనై ఈసారి చదివితిని. అదియునుగాక చదువు పద్ధతియు మార్చితిని. ఈ నవలను విశ్వనాథవారు ఇరువదితొమ్మిది దినములలో నోట చెప్పగా వారి తమ్ముడు వ్రాసికొన్నట్లు ప్రసిద్ధి. చెవికొరకు చెప్పినదానిని కంటితో చదువబోయి రెండుసార్లు ఓడితినేమో యని, ఈసారి సాయంకాలము దినమునకు పదేసి పుటలు పైకి చదువ నారంభించితిని. నా భార్య మునగాకు దూయుచు వినెడిది. కంటికి అడ్డుతగిలిన ప్రసంగములే నోటికి ధారగా వచ్చినవి. మూడున్నర నెలలలో ముగిసినది.

ముగిసిన రాత్రి నా భార్య అన్నది: "అంతా బాగానే ఉందండీ. ధర్మారావు మాటలు కాస్త తగ్గించి, అరుంధతిని ఇంకాస్త మాట్లాడనిస్తే బాగుండేది." ఈ నవలపై నేను చదివిన విమర్శలలో ఇంతకన్న సూటియైనది లేదు. నాకు ఆ గ్రంథముతోగల తగవు తీరలేదు. ఆ పాత వ్యవస్థ మరల రావలెనని నేను కోరను. అయితే దానిని కోరనివానికి కూడ గుండె కలుక్కుమనునట్లు నష్టమును చెప్పగలుగుట సామాన్యమైన శక్తి కాదు. సగములో మూసినచో నాకు ఆ తగవు మాత్రమే మిగిలియుండెడిది.

ఇక పింగళి సూరన కళాపూర్ణోదయము సంగతి వేరు. పదునారవ శతాబ్దపు ఈ కావ్యమున ఎనిమిది ఆశ్వాసములు కలవు. ఎవరో ఒకరి కథ మొదలగును. దానిలో మరియొకరు తమ కథ చెప్పసాగుదురు. ఒకరి రూపము మరియొకరు ధరింతురు. కావ్యమునకు పేరిచ్చిన నాయకుడు చాలదూరము రంగమునకే రాడు. రెండవ ఆశ్వాసములో నేను దారి తప్పి మూసితిని. తెలుగు పంతులైన నా మిత్రుడొకడు విని నవ్వి, "కవి ముడులు వేయుచుండగా లేచిపోతివి. విప్పునప్పుడు ఉండవలదా?" అనెను. బ్రహ్మ సరస్వతితో ఏకాంతమున చెప్పిన కథ వద్దకు వచ్చుసరికి ఆ ముడులన్నియు వీడునని మాత్రము చెప్పి, ఎట్లో చెప్పలేదు. నేను ఇంటికి వచ్చి, కాగితముమీద గీతలు గీసి, కచేరీ రిజిస్టరువలె పాత్రల పేర్లు, వారిని చూచిన చోటు, వారు దాచిన సంగతి వ్రాసికొనుచు మరల చదివితిని. ముడులు వీడినచోట నాకు కలిగిన ఆనందము, ముప్పదియెనిమిది సంవత్సరముల ఉద్యోగములో ఏ లెక్క సరిపోయినప్పుడును కలుగలేదు.

దీనివలన నేను నేర్చినదొకటి. కష్టమైన పుస్తకమును విడుచుటకు ముందు, అది పూర్తిగా చదివినవారిని ఒకరిని అడుగవలెను. కథ అడుగరాదు. "కష్టము గుమ్మమువద్దనా, ఇల్లంతయునా?" అని మాత్రమే అడుగవలెను. గుమ్మము తక్కువ ఎత్తుగా నున్నచో తల వంచి లోనికి పోవచ్చును.

ఇల్లంతయు తల వంచియే నడువవలసినదైనచో నావంటివాడు వెనుకకు మరలుటయే మేలు. నాకు అట్టిది రామరాజభూషణుని వసుచరిత్రము. వసురాజునకును గిరికకును జరిగిన పెండ్లి కథ భారతమునందు చిన్నది. దానిని కవి శ్లేషలతోను, నాదముతోను మహాసౌధముగా కట్టినాడు. వ్యాఖ్యానము దగ్గర పెట్టుకొని మూడు నెలలు ప్రయత్నించితిని. ఒక్కొక్క పద్యమునకు రెండర్థములు తేలినప్పుడు లెక్క తెగినట్లు తృప్తి కలిగెనే గాని కావ్యము చదివిన సుఖము కలుగలేదు. సంగీతము తెలిసిన ఒక పెద్దాయన నా కోరికపై నాలుగు పద్యములు రాగమెత్తి చదివిరి. అప్పుడు కొంత అర్థమైనది: ఆ సౌధములో వెలుగు కలదు, నాకు ఆ వెలుగును చూచు కన్ను లేదు. సంస్కృతము లేనివాడను, సంగీతము రానివాడను. పుస్తకమునకు నమస్కరించి మూసితిని. ఇది ఓటమియే. సిగ్గుపడవలసిన ఓటమి మాత్రము కాదు. "వసుచరిత్రమున ఏమున్నది, మాటల గారడి" అని నేనెవరితోనైన అన్నచో అప్పుడు సిగ్గుపడవలెను.

నచ్చకపోవుట వేరు, నొచ్చుకొనుట వేరు. ఇది నాకు గోపీచందుగారి అసమర్థుని జీవయాత్ర నేర్పినది. అది చిన్న నవల, భాష సులభము, విడుచుటకు సాకు లేదు. అయినను రెండుసార్లు విసిరి బల్లమీద పడవేసితిని. సీతారామారావు ప్రతి చిన్నపనికిని ముందు ఒక తర్కము లేవదీసి, ఆ తర్కములో చిక్కుకొని, ఏ పనియు చేయలేక, చేయలేనితనమునకు మరియొక తర్కము వెదకుకొనుచుండును. వానిపై నాకేల అంత రోత కలిగెనని ఆలోచింపగా, పదోన్నతి పరీక్షకు కూర్చుండక నేను చెప్పికొన్న సాకులన్నియు వాని నోట వినబడుచున్నవని తెలిసినది. ఇట్టి పుస్తకమును ఆ దినమునకు మూయవచ్చును. తేలుకొండి తగిలిన చేయిని వెనుకకు తీసికొనుట సహజము. మరునాడు మాత్రము తెరువవలెను. అది మన ఫైలు గనుక.

ఒకరు విడిచిన పుస్తకమును మరియొకరు విడువవలెనని లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను నా మిత్రులిద్దరు పది పుటలు చదివి తిరిగి ఇచ్చివేసిరి. అందు కథ లేదు, మజిలీలు కలవు. ఎచట నీరు దొరకును, ఎచట సరకులు దొరకును, ఏ నది యెట్లు దాటవలెను, ఏ ఊరిలో ఎట్టి బస కలదు అను సంగతులు దినదినము వ్రాయబడియున్నవి. చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. గ్రంథము ఆయన గతించిన తరువాత 1838లో అచ్చుపడినది. నాకు ఆ గ్రంథము పాయసమువలె నున్నది. ఏల? ఆయనయు కచేరీ మనిషియే. చూచినదానిని చూచినట్లు, తేదీ వేసి, ఎక్కువ తక్కువలు లేక వ్రాయుట ఎంత కష్టమో ఆ పని చేసినవానికి గాని తెలియదు. తిరుగు ప్రయాణమున ఆయన జగన్నాథము మీదుగా మా గంజాము సీమలో దిగివచ్చినప్పుడు, ఇంటి ముందునుండి పల్లకి పోవుచున్నట్లే నాకు తోచినది. నా మిత్రులు నవల కోరిరి. నేను దినచర్య కోరితిని. ఇరువురిలో ఎవరిదియు తప్పు లేదు.

అయినచో విడువదగిన పుస్తకమే లేదా యని మీరడుగవచ్చును. కలదు. ఒక వారపత్రికలో ధారావాహికగా వెలువడి, తరువాత పుస్తకరూపము దాల్చిన నవలనొకదానిని ఇటీవల నూరవ పుటలో మూసితిని. పేరు చెప్పుట అనవసరము. నేను గమనించిన గుర్తులను మాత్రము చెప్పెదను. ఇరువది పుటలు దాటవేసి చదివినను ఏమియు పోయినట్లు తోచలేదు. రాత్రి మూసి పడుకొన్న తరువాత ఆ పాత్రలు ఏమైరో అను తలపు రాలేదు. ఏ పాత్ర ఏ మాట ఆడినను అదే గొంతు వినబడినది. కర్త తాను సృష్టించిన బీదవారిని చూచి తానే నవ్వుచున్నాడు. ఈ నాలుగును ఒకచోట చేరినప్పుడు లోపము నాది కాదు, వేళది కాదు. అట్టి పుస్తకముపై మన ఆయుస్సును ఖర్చుపెట్టుట భాషాసేవ కాదు. తెలుగున వ్రాయబడినంత మాత్రమున ప్రతి పుస్తకమును మన మాతృభాష కాదు గదా.

ఇక నా ఇంటి సంగతి చెప్పి ముగింతును. నేను వేయిపడగలు రెండవసారి మూసిన తరువాత కొన్ని యేండ్లకు నా కుమారునకు పండ్రెండవ యేడు వచ్చినది. వాని బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ కలవు, తెలుగు లేదు. తెలుగు వానిని విడిచిపోవునను భయముతో, దినమునకు ఐదు పుటల చొప్పున ఆ నవలనే చదువుమని శాసించితిని. మా నాన్నగారి పుస్తకము, గొప్ప పుస్తకము, అంతకుమించి నేనాలోచింపలేదు. వాడు ఏడ్చుచు చదివెను. మూయుటకు వానికి అనుమతి లేదు. రెండు నెలల తరువాత వానికి జ్వరము వచ్చి చదువు ఆగినది. మరల నేను మొదలుపెట్టింపలేదు. అటు తరువాత వాడు తెలుగు పుస్తకము మరియొకటి తెరువలేదు. ఇప్పుడు దూరదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. తెలుగు చక్కగా మాటాడును, చదువడు.

విశ్రాంతి కాలమున ఆ నవల ముగించిన మరునాడు సంతోషము పట్టలేక వానికి ఫోనులో చెప్పితిని. కొంతసేపు మాట వినబడలేదు. తరువాత వాడు మెల్లగా, "అంటే అప్పటికి మీరే చదవలేదా, నాన్నగారూ?" అని అడిగెను. నాకు సమాధానము దొరకలేదు. నేటికిని దొరకలేదు.

పి.వి. నరసింహారావుగారు ఈ నవలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికి అనువదించిరి. మా వానికి హిందీ బాగుగా వచ్చును. ఆ పుస్తకము కొని పంపుదునా యని కొన్నాళ్ళు ఆలోచించితిని. పంపలేదు. మరల నేనే ఎంచి వాని చేతిలో పెట్టినట్లగును.

పర్లాకిమిడిలో నుండి గిడుగువారు చేసిన పోరాటమంతయు, చదువరి శక్తి భాషయొక్క గుమ్మమువద్దనే వ్యయమైపోరాదనుటకే గదా. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన దానిని విడిచి రాజమహేంద్రవరము చేరెను గాని, ఆయన మాట మనకు విడిచిపోయినట్లే యున్నది. ఆయన పేరు చెప్పుచు నేనీ గ్రాంథికపు పోకడలో వ్రాయుట చూచి మీరు నవ్వుకొందురేమో. చిన్ననాడు వ్యాసరచన నేర్పిన పంతులుగారి బెత్తము ఇంకను నా వ్రేళ్ళమీద నున్నది. మన పిల్లలు తెలుగు పుస్తకము మూసినప్పుడు కారణము కథ కాకపోవచ్చును. ఒత్తులవద్దను, గుణింతములవద్దను అలసిపోయియుండవచ్చును. అట్టివారిని మందలించుటకన్న పక్కన కూర్చుండి పైకి చదివి వినిపించుట మేలు. నా భార్యకు వినిపించినట్లు వానికిని ఆనాడు వినిపించియుంటినా అని ఇప్పుడనుకొనుచున్నాను.

పోయిన సంవత్సరము సెలవులకు వచ్చిన మనుమరాలికి అక్షరములు నేర్పి, పరమానందయ్య శిష్యుల కథలు చేతికిచ్చితిని. మూడవ కథలో మూసి, "తాతయ్యా, ఇది నాకు నచ్చలేదు. వీళ్ళను చూసి అందరూ నవ్వుతున్నారు. ఇంకొకటి ఇస్తావా?" అన్నది. నా నోటివరకు ఆ పాత సుభాషితము వచ్చినది. మ్రింగుకొని బీరువా తలుపు తెరచితిని. పాత చందమామలలో బేతాళ కథ నొకదానిని తీసికొని పోయి, వ్రేలు పెట్టుకొని కూడబలుకుకొనుచు రెండు దినములు చదివినది. ప్రశ్నకు విక్రమార్కుడిచ్చిన సమాధానము సరికాదని నాతో వాదించినది. ఆమె మూసినందుకు చెప్పిన కారణము, నేను ఆ వారపత్రిక నవలను మూసినందుకు చెప్పిన కారణములలో నాల్గవది. ఎవరును ఆమెకు నేర్పలేదు.

కావున మన కుటుంబములవారికి నా మనవి ఇది. ప్రతి ఇంటను సగములో మూసిన తెలుగు పుస్తకములుండును. వానిని చూచి తల దించుకొనవలదు, దుమ్ము పట్టనీయనువలదు. మూసిన పుటలో ఒక చీటి పెట్టి, తేదీయు, కారణమును వ్రాయుడు. పుస్తకము లోపమైనచో అట్లే వ్రాయుడు. మీ లోపమైనచో వెరవక వ్రాయుడు. వేళ లోపమైనచో మరల తెరువవలసిన యేడు వ్రాయుడు. పిల్లలకు మూయుటకు అనుమతినిచ్చి, మరియొకటి చేతికందునట్లు బీరువా తాళము తీసియుంచుడు. మీరు చదువని పుస్తకమును వారిచేత చదివింపకుడు.

నా వసుచరిత్రములో ఒక చీటి కలదు. అందు ఇట్లున్నది: "రెండవ ఆశ్వాసము నడుమ ఆపితిని. పుస్తకమున లోపము లేదు. నాకు సంస్కృతము చాలదు. ఈ ఇంట ఎవరికైన చాలినచో ఇచటినుండి చదువవచ్చును." దాని క్రింద సంతకమునకు చోటు విడిచితిని.